దేవుడి పక్కన చెత్తబుట్ట

కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజున మీరు దాని మీద చేసిన మొదటి పని ఏమిటండీ? ఆలోచించి చెప్పకండి, చటుక్కున గుర్తొచ్చింది చెప్పండి. జమాఖర్చులు రాశామనీ, పిల్లాడి ప్రాజెక్టు టైపు చేశామనీ మాత్రం అనకండి, నేను నమ్మను. కొబ్బరికాయ కొట్టి, మానిటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, స్విచ్ వేసిన కాసేపటికే ఎవరో ఒకరు "ముందు ఆ వెనకాల బొమ్మ మార్చరా" అనే ఉంటారు. అవునా, కాదా?

ఎంత తలకిందులుగా ఉందో చూడండి. వేలకు వేలు పోసి, కొందరైతే అప్పు చేసి కొన్న యంత్రం. లెక్కలు కడుతుంది, ఉత్తరాలు అచ్చు వేస్తుంది, తోడు లేకపోతే మనతో పేకాడుతుంది. ఇన్నింటిలో ఏ పనీ చెయ్యనిది ఆ వెనకాల బొమ్మ ఒక్కటే. పని మొదలుపెట్టామా, కిటికీల కింద మూసుకుపోయి కనిపించను కూడా కనిపించదు. అయినా మన చెయ్యి ముందు దాని మీదికే పోయింది. ఎందుకంటారు?

నా మటుకు నాకు తోచిన జవాబు చెప్తాను. అందం సంగతి తర్వాత. ఈ పెట్టె ఎవరిది అనే ప్రశ్నకు పైకి అనకుండా చెప్పే సమాధానం ఆ బొమ్మ. ఇంట్లో నలుగురు వాడే వస్తువు మీద ఎవరి మాట చెల్లుతుందో ఆ తెర చూస్తే తెలిసిపోయేది. ఏదో నోటికొచ్చింది అంటున్నాననుకుంటున్నారు కదూ? అయితే కాస్త వెనక్కి వెళ్దాం రండి. ముందు కాలిఫోర్నియా దాకా పోయి, తర్వాత మన ఇళ్లకొద్దాం.

1984 జనవరి 24న ఆపిల్ కంపెనీ మెకింటోష్‌ను బయటపెట్టింది. ధర 2,495 డాలర్లు. తొమ్మిదంగుళాల తెర. నలుపూ తెలుపూ తప్ప మూడో రంగు లేదు. "అదేమిటి, ఫొటోల్లో దాని తెర వెనకాల బూడిదరంగు ఉంటుందే" అంటారా? అది మన కన్ను చేసే మాయ. నల్ల చుక్క పక్కన తెల్ల చుక్క, దాని పక్కన మళ్లీ నల్ల చుక్క, కింది వరసలో అటూ ఇటూగా మార్చి పేరిస్తే, కొంచెం దూరం నుంచి చూసేవాడికి బూడిదరంగులాగే ఉంటుంది. దాని మీద తెల్లటి కిటికీ తెరుచుకుంటే అంచులు కొట్టొచ్చినట్టు కనిపించేవి. అందుకే కొన్న రోజున తెర నిండా ఆ బూడిదే ఉండేది.

ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడం మనిషి నైజం కాదని ఆ యంత్రం చేసినవాళ్లకు తెలుసు. మెనూలో కంట్రోల్ ప్యానెల్ అని ఒక చిన్న కిటికీ పెట్టారు. అందులో మాటలు దాదాపు లేవు, అంతా బొమ్మల భాషే. వేగం తగ్గించాలంటే తాబేలు, పెంచాలంటే కుందేలు. ఆ కిటికీలోనే ఒకచోట మెకింటోష్ తెరకు నకలుగా ఒక బుల్లి తెర, దాని పక్కన ఒక గళ్ల పలక. అడ్డం ఎనిమిది గళ్లు, నిలువు ఎనిమిది గళ్లు, వెరసి 64. మౌస్‌తో ఒక గడిని నొక్కితే తెల్లది నల్లబడుతుంది, నల్లదాన్ని నొక్కితే తెల్లబడుతుంది. మీరు గడి మార్చిన మరుక్షణం పక్కనున్న బుల్లి తెర నిండా ఆ నమూనా పరుచుకుంటుంది. బాగుందనిపిస్తే బుల్లి తెర మీద ఒక నొక్కు, అసలు తెర మొత్తం అదే. గీసే ఓపిక లేనివాళ్లు బుల్లి తెర నెత్తిన ఉన్న పట్టీని నొక్కుతూ పోతే తయారు నమూనాలు వరసగా వచ్చేవి.

ఈ చుక్కల తంటా ఎందుకు, హాయిగా ఒక బొమ్మ పెట్టుకోనివ్వచ్చుగా? వచ్చు, కానీ చోటేదీ? ఆ తెర మీద అడ్డంగా 512 చుక్కలు, నిలువుగా 342. చుక్కకో బిట్టు చొప్పున తెరకు కావలసిన జ్ఞాపకం 21,888 బైట్లు. యంత్రం మొత్తానికి ఉన్నదే 128 కిలోబైట్లు. అంటే తెర మీద కనిపించేదాన్ని పట్టుకొని ఉండటానికే ఆరో వంతు ఖర్చయిపోయింది. వెనకాల బొమ్మ కోసం ఇంకో ఆరో వంతు ఇస్తే, మిగిలినదాంట్లో రాసుకునేదేముంది, గీసుకునేదేముంది? అదే 64 గళ్ల నమూనా అయితే ఎనిమిది బైట్లతో సరి. కిటికీ మూసినప్పుడల్లా దాని కింద పడిన ఖాళీని ఆ ఎనిమిది బైట్లనే మళ్లీ మళ్లీ పరిచి నింపేసేది.

అసలు విశేషం ఇంకోటుంది. ఆ మెకింటోష్‌లో హార్డ్ డిస్క్ లేదు. 400 కిలోబైట్ల ఫ్లాపీ పెడితేగానీ లేవదు. మీరు గీసుకున్న నమూనా కూడా యంత్రంలో కాకుండా ఆ ఫ్లాపీలో ఉన్న సిస్టమ్ ఫైల్లోనే దాచుకునేది. దాంతో ఏమైందంటే, అన్న తన ఫ్లాపీ పెట్టి లేపితే అన్న గీసిన తెర, చెల్లెలు తన ఫ్లాపీ పెట్టి లేపితే చెల్లెలి తెర. యంత్రం ఒకటే, యజమాని మాత్రం జేబులో ఫ్లాపీ ఉన్నవాడు. తగువు లేదు, వాటా లేదు. ఈ సదుపాయం గుర్తుపెట్టుకోండి, తర్వాత మన ఇళ్లలో ఇది లేకపోవడం వల్ల ఎన్ని గొడవలయ్యాయో చెప్తాను.

ఇక్కడ సూసన్ కేర్ అనే ఆవిడ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మెకింటోష్ తొలి బొమ్మలూ, అక్షరాలూ ఆవిడ చేతివే. కంప్యూటర్లు చదివిన మనిషి కాదు, లలితకళల్లో డాక్టరేటు. ఆ బృందంలో ఉన్న ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ఆవిడకు హైస్కూలు స్నేహితుడు. అతను ఫోన్ చేసే వేళకు ఆవిడ ఒక మ్యూజియం కోసం ఇనుప ముక్కలు వెల్డింగ్ చేసి నిలువెత్తు అడవిపందిని తయారుచేస్తోంది. సన్నగళ్ల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, గడి గడికీ పెన్సిల్‌తో నింపుకుంటూ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఇంత సులువుగా ఎలా పట్టుబడిందంటే, పోగులు లెక్కపెట్టి కుట్టే ఎంబ్రాయిడరీ చిన్నప్పుడే వాళ్లమ్మ నేర్పిందట.

పోగులు లెక్కపెట్టి కుట్టడమంటే మనవాళ్లకు కొత్తా? మ్యాటీ బట్ట మీద క్రాస్ స్టిచ్ గుర్తుందా? నమూనా పుస్తకంలో గడికో ఇంటూ గుర్తు, బట్ట మీద అన్నే ఇంటూలు. ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యలో గులాబీ, కింద "వెల్‌కమ్". టీవీ మీద ఒకటి, టీపాయ్ మీద ఒకటి, రేడియో మీద చిన్నది ఒకటి. ఒక్క ఇంటూ పక్క గడిలోకి జారిందంటే చిలక ముక్కు కాస్తా కొంగ ముక్కయి కూర్చునేది. గుండ్రటి గులాబీ చతురస్రాలతోనే రావాలి, అలా రప్పించడమే పనితనం. 64 గళ్ల పలక ముందు కూర్చున్న మనిషి ఇబ్బందీ, ఆనందమూ సరిగ్గా ఇవే. మా పెద్దమ్మను తీసుకెళ్లి ఆ మెకింటోష్ ముందు కూర్చోబెట్టి ఉంటే మౌస్ పట్టుకోవడం ఒక్కటే నేర్పాల్సి వచ్చేది. మిగతాది ఆవిడే మనకు నేర్పేది.

మెకింటోష్ వచ్చిన మరుసటేడు, 1985లో, కమడోర్ కంపెనీ అమిగా వచ్చింది. దాని డెస్క్‌టాప్ తెరకు నాలుగే రంగులు: నీలం, తెలుపు, నలుపు, నారింజ. కానీ ఆ నాలుగు ఏవో నిర్ణయించుకునే హక్కు మనది. ప్రిఫరెన్సెస్ అనే కిటికీలో ఎరుపు, పచ్చ, నీలం అని మూడు జారుడు మీటలు, ఒక్కోదానికి 16 మెట్లు. 16ను 16తో, మళ్లీ 16తో గుణించండి, 4,096 రంగులు. వాటిలోంచి నాలుగు ఏరుకోండన్నమాట. అంతటితో ఆగలేదు, మౌస్ బాణం గుర్తును కూడా చుక్క చుక్కగా మనమే గీసుకోవచ్చన్నారు. ఆ అమిగాను ఇంట్లోని టీవీకి తగిలించుకునే వీలుంది. రాత్రి వార్తలు వచ్చే టీవీలో మధ్యాహ్నం పిల్లలు తమకు నచ్చిన రంగుల్లో తమ రాజ్యం నడుపుకుంటే, ఆ రాజ్యం ఎవరిదో వేరే చెప్పాలా?

సరే, ఈ మెకింటోష్‌లూ అమిగాలూ మన ఊళ్లలో ఎంతమందికి దొరికాయి గనక! మన దగ్గరికి కంప్యూటర్ ఇంటి వస్తువుగా రాకముందు క్లాసుగా వచ్చింది. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి వెళ్లి, ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురు చొప్పున కూర్చుని నేర్చుకున్న బాపతు మనం. 1992 ఏప్రిల్‌లో విండోస్ 3.1 వచ్చాక ఆ గదుల్లోకి రంగులొచ్చాయి. అందులోనూ కంట్రోల్ ప్యానెల్ ఉంది, అందులో డెస్క్‌టాప్ అనే బొమ్మ ఉంది, దాన్ని తెరిస్తే రెండు దారులు. ఒకటి వాల్‌పేపర్: ఆకులు, ఎర్ర ఇటుకలు, కార్లు, కోట, ఈజిప్టు అంటూ చిన్న చిన్న బొమ్మల ఫైళ్లు. రెండోది ప్యాటర్న్. ప్యాటర్న్ తెరిచి ఎడిట్ నొక్కితే ఏముంటుందనుకున్నారు? మళ్లీ అదే గళ్ల పలక, ఎనిమిదికి ఎనిమిది.

అందులో స్కాటీ అని ఒక నమూనా ఉండేది. స్కాటీ అంటే పొట్టి కాళ్ల స్కాట్లాండ్ కుక్క. 64 గళ్లలో కుక్కను పట్టించడమంటే మాటలా? ఎలా పట్టించారో చూడండి. పై వరసలో ఒక్క చుక్క, అది చెవి. రెండో వరసలో రెండు చుక్కలు, ముఖం. మూడో వరసలో ఆ ముఖానికి ఇంకో రెండు చుక్కలు, కాస్త ఎడంగా ఒంటరిగా ఒక చుక్క. ఆ ఒంటరిది తోక! నాలుగూ అయిదూ వరసల్లో నాలుగేసి చుక్కలు, ఒళ్లు. ఆరో వరసలో అటొకటి ఇటొకటి, కాళ్లు. మొత్తం పదహారు చుక్కలు, కుక్క తయార్. తోక చుక్క తీసేస్తే మాత్రం అది కుక్కో, కుర్చీయో చెప్పలేం.

ఈ నమూనాలన్నీ కంట్రోల్ డాట్ ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో అంకెలుగా ఉండేవి. వరసకో అంకె. గళ్లకు ఎడమనుంచి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువ వేసుకుని, నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరస అంకె వస్తుంది. మన కుక్కగారి జాతకం ఇదీ: 64, 192, 200, 120, 120, 72, 0, 0. మెకింటోష్ నాటి బూడిదరంగు కావాలా? 170, 85, మళ్లీ 170, 85, అలా నాలుగు జతలు. నోట్‌ప్యాడ్‌లో ఎనిమిది అంకెలు రాసి తెర మార్చేయడం అంటే ఆ వయసులో మంత్రం వేసినంత గర్వం.

అదే పలక మీద తెలుగు అక్షరం ఎక్కించాలని చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? సున్న చక్కగా కూర్చుంటుంది. "ర" తలకట్టుతో సహా ఇరుక్కుని కూర్చుంటుంది. "గ" కూడా సర్దుకుపోతుంది. "క్ష" దగ్గరికి వచ్చేసరికి వత్తుకు చోటుండదు, "ఝ" అయితే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు అయిదు గళ్ల వెడల్పులో ఒదిగిపోతుంటే, మన అక్షరాలకు ఆ ఇల్లు చాలదని అప్పుడే తెలిసింది.

రంగుల జతలు కూడా తయారుగా ఇచ్చారు ఆ విండోస్‌లో. వాటిలో హాట్‌డాగ్ స్టాండ్ అనే ఎరుపూ పసుపూ జత లోకప్రసిద్ధం. అమెరికావాళ్లు దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు, కళ్లు పోతాయని వెక్కిరిస్తారు. పసుపూ కుంకుమా చూసి కళ్లు పోవడమేమిటో మనకర్థం కాదు. అన్నట్టు, విండోస్‌లో మనమంతా ఆడిన సాలిటేర్ పేకముక్కలు గీసింది కూడా ఆ సూసన్ కేర్ గారే.

ఇంతకీ క్లాసు గదిలో ఆ తెర మారిస్తే సార్ ఎందుకు కేకలేసేవారో ఆలోచించారా? కుక్కబొమ్మ వల్ల కొంప మునిగేదేమీ లేదు. మూడింటి బ్యాచ్‌కి వచ్చినవాడు తెర లేపగానే రెండింటి బ్యాచ్‌వాడు కనిపిస్తున్నాడు, అదీ బాధ. ఫీజు కట్టాం, గంట కూర్చున్నాం, లేచి పోతున్నాం. ఆ సిస్టమ్ మనది కాదు. కానీ పదహారు చుక్కల కుక్కను వదిలిపెట్టి పోతే, మర్నాటిదాకా అది కొంచెం మనదే.

ఇక మన ఇళ్లకొద్దాం. మా ఇంటికి కంప్యూటర్ 1999లో వచ్చింది. అన్నయ్య స్నేహితుడొకాయన సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో విడిభాగాలు కొనుక్కొచ్చి గుంటూరులో మా ముందు గదిలో బిగించాడు. విండోస్ 98. వీడియో కార్డు డ్రైవర్ వెయ్యకముందు తెర మీద పదహారే రంగులు, వేశాక వేలకు వేలు. మొదటిసారి తెర లేచినప్పుడు వెనకాల ఉన్నది ఏమిటంటే, విండోస్ 95 నాటినుంచీ వస్తున్న ఆ రంగు. నెమలికంఠం చీర పదిసార్లు ఉతికితే వస్తుందే, అది. నాన్నగారు చూసి "ఇదేం రంగురా, ఆస్పత్రి గోడలా" అన్నారు. ఆ మాటతో మా ఇంట్లో వాల్‌పేపర్ శకం మొదలైంది.

నాన్నగారి ఆజ్ఞ ప్రకారం వేంకటేశ్వరస్వామి వచ్చారు. ఫొటోస్టూడియోలో స్కాన్ చేయించిన బొమ్మ, తెరకన్నా చిన్నది. టైల్ అని పెడితే తెర నిండా స్వాములే. "ఒక్కరు చాలు నాన్నా" అన్నారు. స్ట్రెచ్ అని పెడితే స్వామి అడ్డంగా సాగారు. నాయనమ్మ లెంపలేసుకుంది. సరే, సెంటర్ చాలనుకుంటే కొత్త సమస్య. ఎడమవైపు బొమ్మలు వరసగా ఉంటాయి కదా, మై కంప్యూటర్, మై డాక్యుమెంట్స్, రీసైకిల్ బిన్ అంటూ. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు గానీ బుట్టను గుర్తుపట్టడానికి ఇంగ్లీషెందుకు?

"ఒరేయ్, స్వామి పక్కన ఆ చెత్తబుట్ట ఏంట్రా?"

అన్నయ్య దాన్ని తీసేయబోతే అది తీసే వస్తువు కాదట, డిలీట్ అనే మాటే రాదు. లాక్కెళ్లి కింద పెడితే "పాదాల దగ్గర పెడతావా" అంది. పైన మూలకు లాగితే "నెత్తిన పెట్టావా" అంది. పోనీ కుడివైపు అంచుకు లాగుదామంటే, వదిలిన వెంటనే తిరిగొచ్చి ఎడమ వరసలో నిలబడింది. రైట్ క్లిక్ చేసి ఆటో అరేంజ్ మీదున్న టిక్కు తీసేశాక గానీ అది మాట వినలేదు. చివరికి కుడివైపు చివరంచున, స్వామివారికి ఎంత దూరం వీలైతే అంత దూరంగా ఆ బుట్టను నిలబెట్టాం. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ విండోస్‌లో ప్రతి బొమ్మ కింద దాని పేరు ఉంటుందే, ఆ పేరు వెనకాల పాత నెమలికంఠం రంగే చిన్న పట్టీలా ఉండేది. ఏ వాల్‌పేపర్ పెట్టినా ఆ అతుకులు తప్పేవి కావు. "మాసికలేసినట్టుందే" అని అమ్మ గొణిగింది. తెర రంగును నలుపు చేసేస్తే అతుకులు కూడా నల్లబడి కాస్త నయమనిపించింది.

పగలు స్వామి, మరి రాత్రి? రాత్రి పదయ్యాక యంత్రం అన్నయ్యది. అప్పుడు చిరంజీవి వచ్చేవాడు. ఎలా వచ్చేవాడో చెప్పాలి. ఇంట్లో నెట్ లేదు. నెట్ సెంటర్‌కి వెళ్లాలి, గంటకింత అని డబ్బు కట్టాలి, బొమ్మ దిగేదాకా పై నుంచి కిందికి పట్టీలు పట్టీలుగా తెరుచుకోవడం చూస్తూ కూర్చోవాలి. మొదట క్రాఫు, తర్వాత కళ్లు, మీసం దాకా వచ్చేసరికి కాఫీ తాగి రావచ్చు. దిగిన జేపీజీ ఫైలును ఇంట్లో వాల్‌పేపర్‌గా పెడదామంటే, యాక్టివ్ డెస్క్‌టాప్ వేసుకోమని అడుగుతుంది. అది వేస్తే మా సిస్టమ్ నత్తనడక. బీఎంపీ అయితే ఏ పేచీ లేదు. అందుకని అక్కడే పెయింట్‌లో తెరిచి బీఎంపీగా మార్చి ఫ్లాపీలో వేసుకొచ్చేవాళ్లం.

ఇక్కడ ఒక చక్కటి లెక్క ఉంది, వినండి. మా తెర 800కి 600. చుక్కకు మూడు బైట్లు. గుణిస్తే 14,40,000. ఫైలు మొదట ఉండే 54 బైట్ల చిరునామాతో కలిపి 14,40,054. ఫ్లాపీలో మనకు దొరికే చోటు 14,57,664 బైట్లు. అంటే తెరకు సరిపడే చిరంజీవి ఒక ఫ్లాపీలో సరిగ్గా పడతాడు, పదిహేడు వేల చిల్లర బైట్లు మిగులుతాయి. పక్కింటివాళ్లది 1024కి 768 తెర. వాళ్ల హీరో ఫ్లాపీలో పట్టేవాడు కాదు. మా అన్నయ్య ఈ సంగతిని అభిమాన సంఘాల స్థాయిలో వాడుకున్నాడు.

పొద్దున్నే నాన్నగారు లేచి, స్నానం చేసి, సిస్టమ్ ఆన్ చేసేవారు. అన్నయ్య రాత్రి స్వామిని తిరిగి పెట్టడం మరిచిపోతే తెర మీద స్టెప్పు వేస్తూ మెగాస్టార్ ప్రత్యక్షం. ఆ రోజు ఇంట్లో సుప్రభాతం వేరేగా ఉండేది. మధ్యాహ్నం కాలేజీ నుంచి చెల్లి వస్తే కుక్కపిల్లలూ, గులాబీలూ. చుట్టాలొస్తున్నారంటే మళ్లీ స్వామి, ఎవరొచ్చారన్నదాన్ని బట్టి. అమ్మ మాత్రం ఏ బొమ్మా అడగలేదు. సిస్టమ్ ముందు కూర్చునే వంతే ఆవిడకు రాలేదు గనక, తెర మీదికి ఆవిడ బొమ్మ రాలేదు. ఇది నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు మాత్రం ఈ వాల్‌పేపర్ల జాబితా మొత్తంలో నాకు బాగా కనపడేది ఆ లేని బొమ్మే.

విండోస్ 98లో కూడా ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లి ఎవరి తెర వాళ్లు చూసుకునే ఏర్పాటు ఉంది. కానీ మనలో ఎంతమంది వాడారు? పాస్‌వర్డ్ అడిగితే ఎస్కేప్ కొట్టి లోపలికి పోయే జాతి మనది. 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చాక అది మారింది. మొదటి తెర మీదే ఇంట్లోవాళ్ల పేర్లు, పేరు పక్కన బాతో, గిటారో, చదరంగం పావో. నాన్నగారి పేరు నొక్కితే స్వామి, అన్నయ్య పేరు నొక్కితే హీరో. మెకింటోష్ ఫ్లాపీ చేసిన న్యాయం పదిహేడేళ్ల తర్వాత మన ముందు గదికి చేరింది.

దాంతోపాటు వచ్చిన ఆ పచ్చటి కొండ, నీలాకాశం మీరెరుగనిదా? దాన్ని చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996 జనవరిలో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో, కారులో పోతూ ఆగి ఫిల్ము కెమెరాతో తీశాడు. అక్కడ అంతకుముందు ద్రాక్షతోట ఉండేది. పురుగు పట్టి తీగలు పీకేయడం వల్ల ఆ ఏడు పచ్చగడ్డి మొలిచింది. ఆ కొండను మన బ్యాంకుల్లో, రైల్వే కౌంటర్లలో, ఆస్పత్రి రిసెప్షన్లలో ఏళ్ల తరబడి చూశాం. చూశాం గానీ, మార్చారా ఎవరైనా? ఎందుకు మార్చలేదంటే అవి ఎవరివీ కావు, ఆఫీసువి. తెర మీద కంపెనీ ఇచ్చిన కొండ అలాగే ఉందంటే అక్కడ కూర్చున్న మనిషి ఆ కుర్చీ తనది అనుకోవడం లేదని లెక్క. ఎవరైనా గుమస్తాగారు దాని స్థానంలో మనవరాలి ఫొటో పెట్టుకున్నారనుకోండి, ఆయన అక్కడ పాతుకుపోయినట్టే. అలాంటాయన దగ్గరికి వెళ్తేనే పని అవుతుంది, చూసుకోండి.

ఎక్స్‌పీతో ఇంకోటి కూడా జరిగింది. ఆ గళ్ల పలక సెట్టింగుల్లోంచి తప్పుకుంది. అప్పటికి జ్ఞాపకం చవకైపోయింది, ఎనిమిది బైట్లు పొదుపు చేసే అవసరం ఎవరికుంది? మంచిదే. కానీ అప్పటిదాకా గీసినవాళ్లం ఆ తర్వాత ఏరుకునేవాళ్లమయ్యాం. మనిషికో ఫోను వచ్చాక తగువు పెట్టుకోవడానికి అవతలివాడు కూడా లేడు. మా అన్నయ్య ఫోను వెనకాల ఏముందో నాకిప్పుడు తెలియదు. తెలుసుకోవాలని అన్నయ్యతో పోట్లాడనూ లేను.

మీకు సరదా ఉంటే ఒక పని చెయ్యండి. పాత మెకింటోష్‌నీ, పాత విండోస్‌నీ కొత్త కంప్యూటర్లలో నడిపించే ఎమ్యులేటర్లు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. లేదా లెక్కల నోటుబుక్కులోంచి గళ్ల కాగితం ఒకటి చింపుకున్నా చాలు. సున్న కోసం అంకెలు నేనిస్తాను: 56, 68, 130, 130, 130, 68, 56, 0. "ర" సంగతి మీరు చూసుకోండి. తలకట్టు ఎక్కడ పెట్టాలో మీ మనవడికీ మీకూ మాటామాటా వచ్చిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

నా కబుర్లు అయ్యాయి, ఇక మీ వంతు. మీ ఇంట్లో మొట్టమొదటి కంప్యూటర్ తెర మీద ఏ బొమ్మ ఉండేది? ఆ ఒక్కటి చెప్పండి చాలు. ఆ రోజుల్లో మీ ఇంట్లో టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉండేదో, పండక్కి బట్టలు ఎవరు చెప్పిన కొట్లో కొనేవారో నేను చెప్పేస్తాను.